నకలుకు జాడ: సంస్థాగత కంప్యూటరు వ్యవస్థల్లో ఫైళ్ల డౌన్‌లోడ్ తనిఖీ – ఏన్కూరు నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం

సంస్థల కంప్యూటరు వ్యవస్థల్లో సమాచారాన్ని మార్చిన చర్యలు సాధారణంగా నమోదవుతాయి. అదే సమాచారాన్ని నకలు తీసి బయటికి తీసుకువెళ్లిన చర్యలు మాత్రం చాలాచోట్ల నమోదు కావు. నమోదైనా వాటిని చదివేవారు ఉండరు. 2023లో తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల ఉదంతాన్ని ఆధారంగా తీసుకుని ఈ లోపం స్వభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. శాప్ వంటి ఈఆర్‌పీ వ్యవస్థల్లో డౌన్‌లోడ్ ఎలా నమోదవుతుంది, ఆ నమోదుకు అందని దారులు ఏవి, దానిని ఎవరు ఎలా చదవాలి, చట్టం ఏమి కోరుతోంది అనే అంశాలను పరిశీలిస్తుంది. ఖమ్మం జిల్లా ఏన్కూరు వంటి అటవీ సరిహద్దు మండలంలోని చిన్న సంస్థకు సాధ్యమయ్యే విధానాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: డౌన్‌లోడ్ తనిఖీ, నకలు, భద్రతా లాగ్, ఈఆర్‌పీ, సమాచార గోప్యత, సహకార సంఘం, ఏన్కూరు.

1. ఉపోద్ఘాతం

ఏన్కూరు ఖమ్మం జిల్లాలో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సరిహద్దున ఉన్న మండలం. వ్యవసాయ భూములూ అడవీ కలిసే ప్రాంతమిది. అటవీ సరిహద్దు గ్రామాలవారికి కలప దొంగతనం ఎలా బయటపడుతుందో తెలుసు. చెట్టును కొట్టి దుంగను తరలిస్తే అడవిలో మోడు మిగులుతుంది. మోడును కొలిచి, ఏ జాతి చెట్టు, ఎంత చుట్టుకొలత అన్నది అటవీ సిబ్బంది నమోదు చేస్తారు. దారిలో చెక్‌పోస్టు ఉంటుంది. అక్కడ బండి నంబరు, పర్మిట్టు, పరిమాణం రాసుకుంటారు. పోయిన వస్తువు చోటు ఖాళీ కావడమే దొంగతనానికి మొదటి సాక్ష్యం.

కంప్యూటరులోని ఫైలుకు ఈ సూత్రం వర్తించదు. ఒక రైతుల జాబితాను ఎవరైనా నకలు తీసుకుపోతే అసలు జాబితా అక్కడే ఉంటుంది. ఒక్క అక్షరం చెదరదు, ఒక్క అంకె తగ్గదు. మరునాడు ఉదయం కార్యాలయం తెరిచినవారికి అన్నీ ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. ఇది మోడు మిగలని దొంగతనం. కాబట్టి ఫైలు విషయంలో అడవిని లెక్కపెట్టి ప్రయోజనం లేదు. చెక్‌పోస్టు ఒక్కటే ఆధారం. ఆ చెక్‌పోస్టునే సాంకేతిక పరిభాషలో డౌన్‌లోడ్ తనిఖీ అంటారు.

ఈ విషయం మహానగరాల్లోని పెద్ద సంస్థలకే పరిమితం కాదు. ఏన్కూరు మండలంలోని రైతు ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, సర్వే నంబరు, పంట రుణం మొత్తం, ఫోను నంబరు నేడు ఏదో ఒక కంప్యూటరు వ్యవస్థలో ఉన్నాయి. పోడు భూమికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పట్టా పొందిన గిరిజన కుటుంబం వివరాలూ అలాగే ఉన్నాయి. ఆ వివరాలను చూసే అధికారం ఎవరెవరికి ఉందో ఆ రైతుకు తెలియదు. వాటిని ఎవరు నకలు తీసుకున్నారో కనీసం ఆ సంస్థకైనా తెలియాలన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

2. నకలు: కాగితం నుంచి కంప్యూటరుకు

కాగితం కాలంలో నకలు తీసుకోవడం ఒక పెద్ద పని. పహాణీ నకలు కావాలంటే దరఖాస్తు పెట్టాలి. ఎందుకు కావాలో చెప్పాలి. రుసుము కట్టాలి. గుమాస్తా రికార్డు వెతికి, చేతితో రాసి, సరిచూసి, అధికారి సంతకం చేయించి ఇస్తాడు. దరఖాస్తు సంఖ్య రిజిస్టరులో మిగులుతుంది. ఈ పద్ధతిలో జాప్యానికీ, లంచానికీ అవకాశం ఉన్న మాట నిజమే. అయినా ఎవరికి, ఎప్పుడు, ఏ అవసరానికి నకలు ఇచ్చారన్న జాడ ఆ పద్ధతిలోనే అంతర్భాగంగా ఉండేది. పైగా వెయ్యి పహాణీల నకలు తీయాలంటే వారాల శ్రమ అవసరమయ్యేది. ఆ శ్రమే ఒక రక్షణ.

కంప్యూటరు రాకతో ఈ రెండు రక్షణలూ ఒకేసారి తొలగిపోయాయి. వెయ్యి మంది వివరాలను ఎక్సెల్ ఫైలుగా దింపుకోవడానికి కొన్ని క్షణాలు చాలు. దరఖాస్తు లేదు, కారణం చెప్పనక్కర లేదు, రిజిస్టరు అంతకన్నా లేదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. చాలా సంస్థలు తమ వ్యవస్థలో ఆడిట్ ట్రయల్ ఉందని చెబుతాయి. అది సాధారణంగా మార్పుల జాబితా. ఎవరు ఏ అంకెను ఎప్పుడు మార్చారు, మార్చకముందు ఎంత ఉంది, మార్చాక ఎంత అయింది అన్నవి అందులో ఉంటాయి. కంపెనీల లెక్కల నియమావళి ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి కంపెనీ తన లెక్కల సాఫ్ట్‌వేరులో ఇటువంటి మార్పుల నమోదును తప్పనిసరిగా ఉంచాలి. దానిని ఆపివేసే వీలు ఉండకూడదు. లెక్కలను తారుమారు చేయకుండా నిరోధించడానికి ఇది బలమైన నియమం. కానీ అది రాతను చూస్తుంది, చదువును చూడదు. ఏ అంకెనూ ముట్టకుండా మొత్తం పట్టికను దింపుకుపోయిన వ్యక్తి ఆ నమోదులో కనిపించడు. మార్పుల నమోదు అసలును కాపాడుతుంది. నకలు నమోదు ఆ సమాచారం ఎవరిదో వారిని కాపాడుతుంది. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్టు కాదు.

3. 2023 నాటి ప్రశ్నపత్రాల ఉదంతం

నకలుకు జాడ లేకపోతే జరిగే నష్టానికి తెలంగాణ అనుభవంలోనే ఉదాహరణ ఉంది. తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ 503 గ్రూప్‌–1 పోస్టుల ప్రిలిమినరీ పరీక్షను 2022 అక్టోబరు 16న నిర్వహించింది. 2.8 లక్షలకు పైగా అభ్యర్థులు హాజరయ్యారు. 2023 మార్చి 5న అసిస్టెంట్ ఇంజినీరు పరీక్ష జరిగింది. మార్చి 11, 12 తేదీల్లో కమిషన్ కంప్యూటర్లలోని సమాచారం బయటికి పోయిందన్న అనుమానం వెలుగులోకి వచ్చింది. బయటివారు హ్యాకింగ్ చేశారేమో అన్నది తొలి సందేహం. దర్యాప్తు మాత్రం కార్యాలయం లోపలికి దారితీసింది. కమిషన్‌లో పనిచేసే ఒక ఉద్యోగి, నెట్‌వర్క్ నిర్వహణ చూసే మరొక వ్యక్తి కలిసి రహస్య విభాగం కంప్యూటరు నుంచి ప్రశ్నపత్రాల ఫైళ్లను పెన్‌డ్రైవులోకి నకలు తీశారన్నది పోలీసుల అభియోగం.

మార్చి 15న అసిస్టెంట్ ఇంజినీరు పరీక్ష రద్దయింది. మార్చి 17న గ్రూప్‌–1 ప్రిలిమినరీతో పాటు మరి రెండు పరీక్షలను కూడా రద్దు చేశారు. గ్రూప్‌–1 ప్రిలిమినరీని 2023 జూన్ 11న మళ్లీ నిర్వహించగా, బయోమెట్రిక్ హాజరు తదితర కారణాలతో హైకోర్టు సెప్టెంబరులో దానిని రద్దు చేసింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చి, 2024 జూన్ 9న ప్రిలిమినరీ జరిగింది.

ఈ తేదీల నుంచి మూడు విషయాలు తేలుతాయి. మొదటిది కాలవ్యవధి. గ్రూప్‌–1 పరీక్ష జరిగిన 2022 అక్టోబరు 16 నుంచి అనుమానం బయటపడిన 2023 మార్చి 11 వరకు 146 రోజులు. నకలు పరీక్షకు ముందే జరిగి ఉండాలి కనుక, అది కనీసం అంతకాలం ఎవరి దృష్టికీ రాకుండా ఉంది. అసలు ఫైలు చెక్కుచెదరకుండా ఉండడమే ఇందుకు కారణం.

రెండవది అధికారం. లోపలివారికి తాళం పగలగొట్టే అవసరం రాదు. వారికి లోపలికి వెళ్లే అనుమతి గానీ, ఆ అనుమతిని సంపాదించే దారి గానీ ముందే ఉంటుంది. నెట్‌వర్క్ నిర్వహణ చేతిలో ఉన్నవారి విషయంలో ఈ సమస్య మరింత తీవ్రం. కాపలాదారుడి కదలికలను నమోదు చేసే పుస్తకం కాపలాదారుడి దగ్గరే ఉంటే ఆ పుస్తకానికి విలువ లేదు.

మూడవది శిక్ష ఎవరికి పడిందన్నది. ఒక ఫైలు ఎంతమంది చేతికి చేరిందో పరీక్షకు ముందే తెలిసే ఏర్పాటు లేనప్పుడు, పరీక్ష మొత్తాన్ని రద్దు చేయడం తప్ప మార్గం ఉండదు. పొలం పనుల మధ్య చదువుకుని, అప్పు చేసి హైదరాబాదులో శిక్షణ తీసుకుని, న్యాయంగా పరీక్ష రాసిన అటవీ మండలాల అభ్యర్థి కూడా ఆ రద్దు భారాన్ని మోశాడు. వ్యక్తి జాడ దొరకని చోట సమూహం మూల్యం చెల్లిస్తుంది. డౌన్‌లోడ్ తనిఖీని సాంకేతిక సిబ్బంది వ్యవహారంగా మాత్రమే చూడకూడదనడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర లేదు.

4. ఈఆర్‌పీ వ్యవస్థలో డౌన్‌లోడ్ నమోదు

సంస్థ లెక్కలు, జీతాలు, కొనుగోళ్లు, నిల్వలు, వినియోగదారుల వివరాలు అన్నింటినీ ఒకే వ్యవస్థలో కలిపి నడిపే సాఫ్ట్‌వేరును ఈఆర్‌పీ అంటారు. ఏన్కూరుకు పొరుగున ఉన్న కొత్తగూడెం కేంద్రంగా పనిచేసే సింగరేణి కాలరీస్ వంటి పెద్ద సంస్థలు శాప్ అనే ఈఆర్‌పీని వినియోగిస్తున్నాయి. శాప్‌లో ఈ ఏర్పాటు ఎలా ఉంటుందో తెలుసుకుంటే ఇతర వ్యవస్థల్లో ఏమి వెతకాలో కూడా తెలుస్తుంది.

శాప్‌లో వినియోగదారుడు తెరమీద కనిపించే పట్టికను తన కంప్యూటరులోకి ఫైలుగా దింపుకోవచ్చు. ఈ చర్యకు రెండు దశల్లో నియంత్రణ ఉంటుంది. మొదటిది అనుమతి. ‘ఎస్ జీయూఐ’ అనే అధికార అంశంలో 61 అనే చర్యాసంఖ్య ఎగుమతిని సూచిస్తుంది. అది ఉన్నవారే పట్టికను ఫైలుగా దింపుకోగలరు. అయితే ఈ అనుమతికి ఒక పరిమితి ఉంది. ఏ సమాచారాన్ని దింపుకోవచ్చు, దేనిని కూడదు అన్న తేడా దానికి తెలియదు. సామాన్ల నిల్వల పట్టికకూ, ఉద్యోగుల జీతాల పట్టికకూ అదే అనుమతి సరిపోతుంది. అందరి రోజువారీ పాత్రలోనూ దీనిని కలిపేస్తే నియంత్రణ పేరుకు మాత్రమే మిగులుతుంది.

రెండవది నమోదు. శాప్‌లో భద్రతా ఆడిట్ లాగ్ అనే ఏర్పాటు ఉంది. పాత సంచికల్లో ఎస్ఎం 19 అనే లావాదేవీ ద్వారా దానిని అమర్చి, ఎస్ఎం 20 ద్వారా చదివేవారు. కొత్త సంచికల్లో వీటి స్థానంలో వేరే లావాదేవీలు వచ్చాయి. ఈ లాగ్‌లో ప్రతి సంఘటనకు మూడక్షరాల సంకేతం ఉంటుంది. ఫైలు డౌన్‌లోడ్ సంకేతం ఏయూవై. ఇన్ని బైట్లు ఈ ఫైలులోకి దిగాయి అన్నది ఆ సందేశం సారాంశం. దానితో పాటు వినియోగదారుడి పేరు, తేదీ, సమయం, టెర్మినల్, ఏ లావాదేవీ, ఏ ప్రోగ్రాము అన్న వివరాలు వస్తాయి. ఫైలు ఏ దారిలో, ఏ పేరుతో భద్రపరచబడిందో కూడా తెలుస్తుంది.

ఈ సంఘటన తనంతట తాను నమోదు కాదు. లాగ్‌ను ప్రారంభించి, ఎవరి విషయంలో ఏ సంఘటనలు నమోదు కావాలో వడపోతలో ఎంచుకోవాలి. లాగ్ ఉందని నమ్మి, ఈ ఒక్క సంఘటనను ఎంచుకోని సంస్థకు అవసరమైన రోజున లాగిన్ల జాబితా మాత్రమే దొరుకుతుంది.

ఏయూవై చెప్పే దానికీ హద్దు ఉంది. అది చెక్‌పోస్టు రిజిస్టరు వంటిది. బండి, బరువు, దారి చెబుతుంది. లోపలి సరుకును ఒక్కొక్కటిగా చెప్పదు. ఫైలులో ఎవరి వివరాలు ఉన్నాయో అందులో ఉండదు. అత్యంత సున్నితమైన క్షేత్రాల విషయంలో ఆ లోటును పూరించడానికి శాప్‌లోనే చదువు నమోదు అనే మరొక ఏర్పాటు ఉంది. ఎంపిక చేసిన క్షేత్రంలోని విలువను ఎవరు చూశారో అది నమోదు చేస్తుంది. అన్ని క్షేత్రాలకూ దీనిని వర్తింపజేస్తే లాగ్ భరించలేనంత పెరుగుతుంది. ఆధార్, బ్యాంకు ఖాతా, వైద్య సమాచారం వంటి కొన్నింటికే దానిని పరిమితం చేయడం ఆచరణయోగ్యం.

5. లాగ్‌కు అందని దారులు

ఒక దారిలో చెక్‌పోస్టు పెడితే మిగిలిన దారుల సంగతి ఆలోచించాలి. ఈఆర్‌పీ నుంచి సమాచారం బయటికి పోయే దారులు కనీసం ఐదు ఉన్నాయి. మొదటిది తెరమీది ఎగుమతి. దీనిని ఏయూవై పట్టుకుంటుంది. రెండవది ముద్రణ, కాగితానికి బదులు పీడీఎఫ్‌గా ముద్రిస్తే అదీ ఒక డౌన్‌లోడే. మూడవది ఇతర ప్రోగ్రాముల ద్వారా దూరం నుంచి పట్టికలను చదవడం. రెండు వ్యవస్థల మధ్య అనుసంధానం కోసం సృష్టించిన సాంకేతిక ఖాతాను మనిషి వాడితే, లాగ్‌లో మనిషి పేరు ఉండదు. నాలుగవది డేటాబేసు నిర్వాహకుడు అప్లికేషనును దాటి నేరుగా డేటాబేసు నుంచి తీసుకోవడం. ఐదవది తెరను ఫోనుతో ఫొటో తీయడం. దీనిని ఏ లాగూ పట్టలేదు.

ఫైలు ఒకసారి కంప్యూటరులోకి దిగాక కథ మరో అంకంలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి పెన్‌డ్రైవులోకి, ఈమెయిలులోకి, వాట్సాప్‌లోకి అది వెళ్లవచ్చు. ఈ రెండవ ప్రయాణం ఈఆర్‌పీకి కనిపించదు. విండోస్‌లో తొలగించగల నిల్వ పరికరాల తనిఖీ అనే ఏర్పాటు ఉంది. దానిని ప్రారంభిస్తే పెన్‌డ్రైవు మీద జరిగిన ఫైలు చర్యలు 4663 అనే సంఖ్యతో నమోదవుతాయి. ఇది కూడా సాధారణంగా ఆపివేసే ఉంటుంది. నిర్వాహకుడు ఉద్దేశపూర్వకంగా ప్రారంభించాలి. ప్రశ్నపత్రాల ఉదంతం వంటి సందర్భాల్లో కీలకమైన చెక్‌పోస్టు ఇదే. ఈఆర్‌పీ లాగ్, కంప్యూటరు లాగ్ రెండింటినీ కలిపి చదివితే తప్ప ఫైలు ప్రయాణం పూర్తిగా తెలియదు. కలిపి చదవాలంటే రెండు యంత్రాల గడియారాలు ఒకే సమయం చూపాలి.

6. నమోదును చదవడం

లాగ్‌ను ఉంచడం వేరు, చదవడం వేరు. ఒక డౌన్‌లోడ్ గురించి అడగవలసిన ప్రశ్నలు ఆరు: ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎంత, ఎక్కడికి, ఎందుకు. మొదటి ఐదింటికీ యంత్రం జవాబు చెబుతుంది. ఆరవదానికి చెప్పలేదు. పాత నకలు దరఖాస్తులో ఉండి, కంప్యూటరులో లేకుండా పోయిన గడి ఇదే. దానిని మనుషులే నింపాలి. పెద్ద డౌన్‌లోడ్‌కు ముందు కారణం నమోదు చేయాలన్న నియమం లేని చోట లాగ్ అనుమానాలను పుట్టిస్తుందే కాని నిర్ధారణలను ఇవ్వదు.

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. తెలంగాణలో 2024 జూలై 18న పంట రుణమాఫీ మొదటి విడత ప్రారంభమైంది. ఇటువంటి పథకం వచ్చినప్పుడు సహకార సంఘం కార్యదర్శి రుణగ్రస్తుల జాబితాను దింపుకుని, ఊరూరా సరిచూడడం సహజం. ఆ రోజుల్లో డౌన్‌లోడ్‌ల సంఖ్య, పరిమాణం ఒక్కసారిగా పెరుగుతాయి. పరిమాణాన్ని మాత్రమే చూసే తనిఖీ నిజాయితీగా పనిచేసిన కార్యదర్శిని దోషిగా చూపుతుంది. అదే సంఘంలో మరొక ఉద్యోగి వారానికి కొన్ని పేర్ల చొప్పున, నెలల తరబడి, తన విధులకు సంబంధం లేని గ్రామాల వివరాలు దింపుకుంటే, ఏ ఒక్క రోజూ పరిమితి దాటదు. ఆ తనిఖీ అతణ్ణి గమనించదు.

కాబట్టి పోలిక రెండు విధాలుగా ఉండాలి. ఒక వ్యక్తిని తన గతంతో పోల్చాలి. అదే పని చేసే ఇతరులతోనూ పోల్చాలి. వీటికి తోడు కొన్ని సందర్భాలు ప్రత్యేక దృష్టిని కోరుతాయి. సెలవులో ఉన్న ఉద్యోగి పేరుతో డౌన్‌లోడ్ జరగడం, ఒకే గుర్తింపు రెండు యంత్రాల నుంచి ఒకే సమయంలో కనిపించడం, పనివేళలు దాటాక పెద్ద ఫైళ్లు దిగడం, ఫైలు నేరుగా పెన్‌డ్రైవు దారిలో భద్రపరచబడడం, రాజీనామాకు ముందు వారాల్లో ధోరణి మారడం అటువంటివి. ఇవి అడగవలసిన ప్రశ్నలు మాత్రమే, తీర్పులు కావు. మార్చి నెలాఖరులో ఆడిటర్ కోసం దింపిన ఫైళ్లూ పైకి ఇలాగే కనిపించవచ్చు.

పంచుకున్న పాస్‌వర్డు ఉన్న చోట ఈ విశ్లేషణ అంతా వ్యర్థం. నలుగురు ఒకే గుర్తింపు వాడితే ‘ఎవరు’ అన్న మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు. ఆ గుర్తింపు ఎవరి పేరున ఉందో వారు ఇతరుల తప్పుకు జవాబుదారీ అవుతారు.

7. చట్టం ఏమి కోరుతోంది

భారతీయ చట్టం నకలును చాలాకాలంగా గుర్తిస్తోంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షను, యజమాని అనుమతి లేకుండా కంప్యూటరు నుంచి సమాచారాన్ని దింపుకోవడాన్ని, నకలు తీయడాన్ని స్పష్టంగా పేర్కొంటుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉండవచ్చు. నేరాన్ని చట్టం నిర్వచించినా, నిరూపించడానికి కావలసిన జాడను సంస్థే ఉంచుకోవాలి.

ఎంతకాలం ఉంచాలన్నది తరువాతి ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌–ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి, యంత్రాల గడియారాలను ప్రామాణిక సమయంతో కలపాలి, నిర్దేశిత సంఘటనలను 6 గంటల్లో తెలియజేయాలి. గ్రూప్‌–1 విషయంలో పరీక్షకూ అనుమానానికీ మధ్యనే 146 రోజులు గడిచాయన్న సంగతిని దీనితో పోల్చి చూస్తే, 180 రోజుల గడువు ఎంత ఇరుకైనదో అర్థమవుతుంది. లాగ్ ఆయుష్షు నేరం బయటపడే వ్యవధికన్నా ఎక్కువగా ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద 2025 నవంబరులో ప్రకటించిన నియమావళి లాగ్‌లను ఏడాది పాటు ఉంచాలని, వాటిని పరిశీలిస్తూ ఉండాలని చెబుతోంది. ఈ బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. తగిన భద్రతా చర్యలు తీసుకోవడంలో విఫలమైతే ఆ చట్టం కింద 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు.

న్యాయస్థానం ముందు లాగ్ నిలవాలంటే అది మారలేదని చూపగలగాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను, ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రాన్ని కోరుతుంది. ఆ పత్రం నమూనాలో హ్యాష్ విలువను కూడా పేర్కొనాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర వంటి అంకె. ఫైలులో ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. లాగ్‌ను ఏ రోజుకారోజు వేరే యంత్రానికి పంపి, అక్కడే హ్యాష్ నమోదు చేసే సంస్థకు ఈ నిరూపణ సులభం.

8. ఉద్యోగి గోప్యత, నిజాయితీపరుడి రక్షణ

డౌన్‌లోడ్ తనిఖీ మీద న్యాయమైన అభ్యంతరం ఒకటి ఉంది. ఉద్యోగి ప్రతి కదలికనూ నమోదు చేయడం నిఘా కాదా అన్నది ఆ ప్రశ్న. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. గోప్యతలో రాజ్యం జోక్యం చేసుకుంటే దానికి చట్టబద్ధత, న్యాయమైన లక్ష్యం, ఆ లక్ష్యానికి తగిన పరిమితి ఉండాలని ఆ తీర్పు సారం. ఈ కొలమానాన్ని కార్యాలయానికి అన్వయిస్తే కొన్ని హద్దులు ఏర్పడతాయి. సంస్థ సమాచారం బయటికి వెళ్లే చోటునే నమోదు చేయాలి. ఉద్యోగి వ్యక్తిగత సంభాషణలను కాదు. నమోదు జరుగుతోందని ఉద్యోగులకు ముందే చెప్పాలి. లాగ్‌ను చూసినవారి పేరు కూడా నమోదు కావాలి. అనుమానం వచ్చిన వ్యక్తికి సంజాయిషీ అవకాశం ఇవ్వాలి.

ఈ హద్దులు పాటించినప్పుడు లాగ్ ఉద్యోగికి శత్రువు కాదు. సమాచారం బయటికి పొక్కినప్పుడు మొదట అనుమానం పడేది కింది స్థాయి డేటా ఎంట్రీ ఆపరేటరు మీద, పొరుగుసేవల సిబ్బంది మీద. తాను ఆ ఫైలు తీయలేదని నిరూపించుకునే సాధనం వారి చేతిలో ఉండదు. నమ్మదగిన లాగ్ ఉంటే అది వారి పక్షాన సాక్ష్యం చెబుతుంది.

9. ఏన్కూరు స్థాయిలో ఆచరణ

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న ఆమోదం తెలిపింది. 63,000 సంఘాలను 2,516 కోట్ల రూపాయలతో ఉమ్మడి ఈఆర్‌పీ సాఫ్ట్‌వేరు కిందికి తేవడం అప్పట్లో ఆ పథకం లక్ష్యం. పెద్ద సంస్థలకే పరిమితమైన ఈఆర్‌పీ ఈ విధంగా గ్రామ స్థాయికి చేరుతోంది. దానితో పాటు దాని ప్రమాదాలూ చేరతాయి. సమాచారానికి బజారు ఉందన్నది 2023లో సైబరాబాద్ పోలీసులు వెల్లడించిన కేసుల్లో తేలింది. మార్చిలో 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్న ముఠాను, ఏప్రిల్ 1న 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల సమాచారం కలిగిన వ్యక్తిని అరెస్టు చేసినట్టు వారు ప్రకటించారు.

ఇద్దరు ముగ్గురు సిబ్బందితో నడిచే సంఘంలో ప్రత్యేక భద్రతా విభాగాన్ని ఊహించలేము. అక్కడ అతి పెద్ద చిక్కు, డౌన్‌లోడ్ చేసేవారూ తనిఖీ చేసేవారూ ఒకరే కావడం. దీనికి పరిష్కారం సంఘం వెలుపల వెతకాలి. లాగ్ సంఘం కంప్యూటరులో కాక కేంద్ర సర్వరులో ఉండాలి. నెలకొకసారి ఒక పేజీ నివేదిక సంఘానికి తిరిగి రావాలి. ఆ నెలలో ఎవరు ఎన్ని ఫైళ్లు, ఎంతమంది రైతుల వివరాలతో దింపుకున్నారో అందులో ఉంటే చాలు. దానిని పాలకవర్గ సమావేశంలో చదవాలి. సహకార సంఘాలకు ఏటా జరిగే ఆడిట్‌లో నగదు పుస్తకంతో పాటు ఈ నివేదికలనూ పరిశీలించాలి.

దానికి ముందు చేయగల పనులు మరికొన్ని ఉన్నాయి. ఎగుమతి అనుమతిని అవసరమైన ఒకరిద్దరికే ఇవ్వాలి. ఎవరి గుర్తింపు వారికే ఉండాలి. ఊళ్లో సరిచూసుకునే జాబితాలో ఆధార్ చివరి నాలుగంకెలు మాత్రమే ముద్రించాలి. ఖాతా సంఖ్య పూర్తిగా అవసరం లేదు. దింపుకున్న ఫైలును పని ముగిశాక తొలగించినట్టు రాసుకోవాలి. ఇందుకు కొత్త సాఫ్ట్‌వేరు అక్కర లేదు. తేదీ, ఫైలు, కారణం, తొలగించిన రోజు, సంతకం అన్న ఐదు గడులతో ఒక నకళ్ల రిజిస్టరు చాలు. యంత్రం జవాబు చెప్పలేని ఆరవ ప్రశ్నకు ఈ రిజిస్టరు జవాబు చెబుతుంది. నెల చివర యంత్రం లాగ్‌ను, చేతిరాత రిజిస్టరును పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, లాగ్‌లో ఉండి రిజిస్టరులో లేని ప్రతి నకలూ ఒక ప్రశ్న అవుతుంది.

10. ముగింపు

నకలు తీస్తే అసలు చెదరదు. కంప్యూటరు సమాచారానికి సంబంధించిన ఈ సాధారణ సత్యాన్ని తనిఖీ పద్ధతులు ఇంకా పూర్తిగా జీర్ణించుకోలేదు. మార్పులను నమోదు చేసే ఏర్పాటు లెక్కలను కాపాడుతుంది కాని, ఆ లెక్కల్లో ఉన్న మనుషులను కాపాడలేదు. డౌన్‌లోడ్‌ను నమోదు చేసే సాధనాలు శాప్‌లోనూ విండోస్‌లోనూ చాలాకాలంగా ఉన్నాయి. వాటిని ప్రారంభించడం, నిర్వాహకుడి చేతికి అందని చోట భద్రపరచడం, నేరం బయటపడే వ్యవధికన్నా ఎక్కువకాలం ఉంచడం, కారణంతో జతచేసి చదవడం అన్న నాలుగు పనులే మిగిలాయి.

ఈ నాలుగింటిలో యంత్రం చేయలేనిది చివరిది. పహాణీ నకలు కోసం వచ్చిన రైతును ఎందుకని అడిగిన కార్యాలయ వ్యవస్థ, ఆ రైతు వివరాలను వేల సంఖ్యలో దింపుకునే తనవారిని కూడా అదే ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నకు రాతపూర్వకమైన జవాబు ఉన్న చోట ఏన్కూరు రైతు సమాచారానికీ, ఆ కార్యాలయంలో నిజాయితీగా పనిచేసే ఉద్యోగికీ ఒకేసారి రక్షణ లభిస్తుంది.